విశ్వమున సుడులు



ఈ మాసమున మాకు అందిన జాబులలో నొకటి బలిఘట్టమునుండి వచ్చినది. నర్సీపట్నమున కానుకొని వరాహనది యొడ్డున నున్న యా గ్రామమును మన పాఠికలలో పలువు రెఱుగుదురు. త్రిశూలపర్వతముమీద బ్రహ్మలింగేశ్వరస్వామి వెలసియుండుటచే శివరాత్రికి ఆ చుట్టుపట్ల పల్లెలవారెల్లరు అచ్చటికి తీర్థమునకు వత్తురు. అచ్చట ఉత్తరముఖముగా పాఱు వరాహలో మునిగి, తడిబట్టలతో కొండ యెక్కుదురు. బలిచక్రవర్తి యజ్ఞము చేసిన తావు అదియే యనియు, అచ్చట కానవచ్చు తెల్లని మన్ను ఆ హోమగుండపు విభూతి యనియు పెద్దలు చెప్పుదురు.

ఆ సోదరి వ్రాసినదాని సారాంశ మిది: "మా అమ్మాయి నర్సీపట్నములో బి.యస్సీ. ముగించుచున్నది. మొన్న రాత్రి భోజనములవేళ, విశ్వము పుట్టిన క్రొత్తలో ఏర్పడిన దారములవంటివి ఆకాశమున నున్నవేమో యనియు, అవి రేడియేషను వెదజల్లుననియు చెప్పినది. వినినంతనే మా అత్తగారు భయపడి, నెలలు నిండుచున్న మా కోడలిని గ్రహణమునాటివలె గదిలో కూర్చుండబెట్టవలెనా యని యడిగినారు. మావారు నవ్వి, 'ఎవ్వరును చూడని దారములకొఱకు విశాఖపట్టణము పోయి, హాస్టలులో నుండి ఎమ్మెస్సీ చదువుట యెందులకు? బి.ఇడి. చేసికొని ఊరిలోనే పంతులమ్మగా నుండరాదా?' యన్నారు. ఆనాటినుండి అమ్మాయి ముభావముగా నున్నది. దరఖాస్తునకు ఈ నెలాఖరే గడువు. మీరు వివరముగా వ్రాసినచో ఇంటిల్లిపాదికి చదివి వినిపింతును."

ఈ జాబులో రెండు ప్రశ్న లున్నవి. ఒకటి అత్తగారి భయము, రెండవది ఇంటాయన సందేహము. రెండును తోసిపుచ్చదగినవి కావు. పెద్దవారి భయమును మున్ముందుగా తీర్చుట మర్యాద గనుక దానితోనే యారంభింతుము.

రేడియేషను అను మాట వినగానే మనకు ఆసుపత్రిలోని ఎక్స్‌రే గదియు, గర్భిణులు రావలదను పలకయు స్ఫురించును. ఆ జాగ్రత్త సహేతుకమే. కాని యా మాటకు అర్థ మొక్కటే కాదు. ఒకచోటినుండి బయలుదేరి నలుదెసలకు వ్యాపించు శక్తి నెల్ల శాస్త్రజ్ఞులు అట్లే పిలుతురు. దీపపు వెలుగు రేడియేషనే; పొయ్యిప్రక్క కూర్చున్నపుడు చెంపకు తగులు సెగయు రేడియేషనే. ఏది దేహమును చొచ్చి లోపలి యణువులను చెఱచునో అది హానికరము, తక్కినవి కావు. అమ్మాయి చెప్పిన దారములు వెదజల్లునవి ముఖ్యముగా గురుత్వ తరంగములు. వస్తువులను భూమిమీద నిలుపు ఆకర్షణమునకే గురుత్వమని పేరు. మిక్కిలి బరువైన వస్తువులు వేగముగా కదలినపుడు ఆ గురుత్వమునందు అలలు పుట్టి, చెఱువులో రాయి వేసిన చోటినుండి వలయములు సాగినట్లు సాగిపోవును. అవి మన దేహములోనుండి, గోడలలోనుండి, భూగోళములోనుండి దేనిని చెఱుపక దాటిపోవును.

2015 సెప్టెంబరు 14వ తేదీన అట్టి యల నొకదానిని అమెరికాలోని లైగో యంత్రములు మొట్టమొదటిసారి పట్టినవి. బహుదూరమున రెండు కృష్ణబిలములు ఢీకొని యేకమైనపుడు పుట్టిన యల యది. దానివలన నాలుగు కిలోమీటర్ల పొడవుగల గొట్టము ఎంత సాగినదో తెలియునా? ప్రోటాను అను సూక్ష్మకణము యొక్క వెడల్పులో కొన్ని వందలవవంతు మాత్రమే. ఆనాడు ఆ యల మీలో, మాలో, అప్పటి గర్భిణు లందఱిలోనుండి దాటిపోయినది. ఎవ్వరికిని తెలియలేదు, ఎవ్వరికిని చెఱుపు కలుగలేదు. కావున అమ్మా, మీ యత్తగారితో నిశ్చయముగా చెప్పుడు: కోడలిని గదిలో నుంచ నక్కఱలేదు. గ్రహణమునాడును నక్కఱలేదు, ఆనాడు సూర్యుని వట్టికన్నులతో చూడకుండిన చాలును.

ఇక దారముల సంగతి. ఇది మన యిండ్లలో ప్రతి యుదయము మన చేతిక్రింద నున్న విషయమే. పిల్లకు తల దువ్వునపుడు నడినెత్తిన సుడి చూడరా? ఆ సుడి చుట్టును వ్రేలు త్రిప్పుచు పోయినచో వెండ్రుకల వాలు కొంచెము కొంచెముగా మాఱుచు, వ్రేలు మొదటి చోటికి వచ్చునప్పటికి తానును పూర్తిగా ఒక చుట్టు తిరిగివచ్చును. మఱి నట్టనడుమ నున్న బిందువున వెండ్రుక యే దిక్కునకు వాలవలెను? దానికి దిక్కు లేదు. ఎంత నూనె రాచినను, ఎంత యదిమి దువ్వినను సుడి ప్రక్కకు జరిగినట్లు కనబడునేగాని పోదు. చుట్టునున్న జుట్టంతయు దానిని కాచుచున్నది.

విశ్వమునందును ఇట్టి సుడులు పడియుండునని 1976లో టామ్ కిబుల్ అను శాస్త్రజ్ఞుడు ఒక వ్యాసమున నిరూపింప యత్నించెను. ఈయన ఆంగ్లేయుడేగాని పుట్టినది 1932లో, మన మద్రాసులో. తండ్రి మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితాచార్యుడు. అప్పటికి నర్సీపట్నము కూడ మద్రాసు రాజధానిలోనిదే గదా!

కిబుల్ గారి యూహను వంటింటి భాషలో చెప్పుదుము. కాచిన నేయి వేడిగా నున్నపుడు గిన్నె యంతట నొకేరీతిగా, తేటగా నుండును. చల్లాఱునపుడు ఒక్కమాఱుగా పేరుకొనదు. ఇచ్చటొక పూస, అచ్చటొక పూస, దేనికది పేరుకొనును. ఒక పూసకు మఱియొక దాని పోకడ తెలియదు. సుమారు 1380 కోట్ల సంవత్సరములకు పూర్వము విశ్వము మిక్కిలి వేడిగా, మిక్కిలి ఇఱుకుగా నుండెను. అది వ్యాకోచించుచు చల్లాఱినపుడు, ఆకాశమంతట నిండియున్న యొకానొక గుణము, శాస్త్రజ్ఞులు క్షేత్రమందురు, వెండ్రుక వాలినట్లు ఏదో యొక దిక్కునకు వాలవలసివచ్చెను. దూరదూరముగా నున్న తావులు పరస్పరము సంప్రదించుకొనుటకు వ్యవధి లేదు. వార్త ఎంత వేగముగా పోయినను వెలుగుకన్న వేగముగా పోజాలదు గదా. కావున ఒక్కొక్క తావు తన కిష్టమైన దిక్కునకు వాలెను. అవి పెరిగి కలిసికొన్న చోట్ల నక్కడక్కడ సుడులు పడకతప్పదు.

నెత్తిమీది సుడి ఒక చుక్క. ఆకాశమునకు పొడవు, వెడల్పు, ఎత్తు మూడును గలవు గనుక అచ్చటి సుడి చుక్కగా నుండదు. సుడి గీచిన కాగితములను ఒకదానిపై నొకటి దొంతిగా పేర్చుడు. చుక్క లన్నియు కలిసి యొక గీత యగును. ఆ గీతయే విశ్వతంతువు. దానికి కొన యుండదు: అది విశ్వము ఈ చెఱగునుండి ఆ చెఱగువఱకు సాగియైన నుండవలెను, లేక గాజువలె వలయమైన కావలెను. పేరిన నేతి నడుమ పేరుకొనక చిక్కిన సన్నని ధారవలె, ఆ తంతువులోపల విశ్వపు తొలినాటి స్థితి యట్లే బంధింపబడి యుండును.

ఈ తంతువు సన్నదనము ఊహ కందదు. మొదట లెక్కకట్టినదానిని బట్టి అది ప్రోటానులో లక్షకోట్ల వంతుకన్నను సన్నము. బరువో, నాలుగైదు కిలోమీటర్ల ముక్క భూగోళమంత తూగును! ఇటీవలి పరిశీలనలనుబట్టి, అట్టివి యున్నచో అంతకు వేయిరెట్లకు పైగా తేలికయై యుండవలెనని తేలినది. అప్పటికిని ఒక్క మీటరు ముక్కయే పెద్ద పర్వతములను మించి తూగవచ్చును.

ఇంత బరువైన దారము బిగువుగా లాగబడి, వెలుగు వేగమునకు దరిదాపుగా కొట్టుకొనుచుండును. అల్లిక పనిలో దారము తనపై తాను పడి ఉచ్చు వేసికొనుట మన మెఱిగినదే. విశ్వతంతువు తన్ను తాను తాకినచో అచ్చట తెగి, మార్చి యతుకుకొని, ఒక వలయము విడివడును. ఆ వలయము వీణ తీగవలె కంపించుచు గురుత్వ తరంగములను వెదజల్లును. వెదజల్లినకొలది దాని శక్తి తఱుగును, శక్తి తఱిగినకొలది వలయము చిన్నదగును, తుదకు మాసిపోవును. కంపించునపుడు ఒక్కొక్క మొన క్షణకాలము వెలుగు వేగమును అందుకొనును. బండివాడు చెర్నాకోల ఝళిపించినపుడు దాని కొన ఛెళ్ళున మ్రోగును గదా. అట్లే ఆ మొననుండి యొక తీవ్రమైన యల వెడలును. ఈ వలయములు వెదజల్లు శక్తిని 1985లో అలెగ్జాండర్ విలెన్కిన్ గారును, భారతీయ సంతతికి చెందిన తన్మయ్ వాచస్పతి గారును కలిసి లెక్కకట్టి ప్రకటించిరి.

ఈ యలలకొఱకు ఇంత తహతహ యేల యందురేమో! విశ్వము పుట్టిన సుమారు 3,80,000 సంవత్సరములవఱకు వెలుగు స్వేచ్ఛగా పయనింపలేకపోయెను; దట్టమైన పొగమంచులో దీపము చిక్కినట్లు చిక్కుకొని యుండెను. అంతకు పూర్వపు సంగతి యే దూరదర్శినికిని కానరాదు. గురుత్వ తరంగములకు మాత్రము ఆ మంచు అడ్డు కాదు. విశ్వతంతువుల యల యొక్కటి పట్టుబడినచో, విశ్వపు తొలి సెకనులోని యొక యల్పాంశమున జరిగినదానిని గూర్చి మొట్టమొదటి సాక్ష్యము లభించినట్లగును.

ఇక ఇంటాయన ప్రశ్నకు వత్తము. ఆ దారములను ఎవరైనను చూచిరా? చూడలేదు. దీనిని దాచుట న్యాయము కాదు. కాని వెదకినవా రెట్లు వెదకిరో వినదగును.

తంతువు వెనుక నున్న నక్షత్రమండలము మనకు రెండుగా, అచ్చు కవలలవలె కనబడవలెనని గణితము చెప్పుచున్నది. 2003లో ఇటలీ, రష్యా దేశముల శాస్త్రజ్ఞులు అట్టి జంట నొకదానిని కనుగొనిరి. రెండును ఒకే రూపు, ఒకే రంగు, ఒకే దూరము. విశ్వతంతువు దొరికినదేమో యని లోకమున సందడి కలిగెను. వారు పండుగ చేసికొని యూరకుండలేదు; హబుల్ దూరదర్శినితో మఱింత నిశితముగా చూడవలెనని కోరిరి. 2006 జనవరిలో చూడగా అవి ఒకదాని ప్రతిబింబములు కావు, ప్రక్కప్రక్కల నున్న రెండు వేర్వేఱు నక్షత్రమండలములని తేలిపోయెను. తాము కోరినది లేదని తమ పరీక్షయే చెప్పగా వారు ఒప్పుకొనిరి.

మఱియొక తెఱగు వెదకులాట మన దేశముననే జరుగుచున్నది. ఆకాశమున పల్సారులను నక్షత్రము లున్నవి. అవి గానుగ తిరిగినట్లు తప్పక తిరుగుచు, తిరిగిన ప్రతిమాఱు ఒక రేడియో మెఱుపును మనవైపు పంపును. వానిలో కొన్ని సెకనునకు వందలమాఱులు తిరుగును. గడియారమునకు తీసిపోని నియమము వానిది. గురుత్వ తరంగ మొకటి నడుమ దాటినచో ఆ మెఱుపు ఇసుమంత ముందుగానో వెనుకగానో చేరును. పూనా సమీపమున ఖొడదు అను గ్రామమువద్ద 45 మీటర్ల వెడల్పుగల ముప్పది రేడియో పళ్ళెములతో మన శాస్త్రజ్ఞులు ఏండ్లతరబడి ఆ మెఱుపులను లెక్కపెట్టుచున్నారు. అందు మన తెలుగుగడ్డపై, సంగారెడ్డి జిల్లా కంది గ్రామమున నున్న హైదరాబాదు ఐ.ఐ.టి. వారికిని భాగము కలదు. 2023 జూన్ 29వ తేదీన వారును, ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా, చైనా దేశముల వారును తమతమ లెక్కలను ప్రకటించి, ఆకాశమంతట గురుత్వ తరంగముల హోరు వంటిది యున్నట్లు సాక్ష్యము దొరకినదని తెలిపిరి. ఆ హోరు మహాకృష్ణబిలముల జంటలవలననే కలిగియుండునని పలువురి తలంపు. సామాన్యపు విశ్వతంతువులు దానికి సరిగా నమరవనియు, కొన్ని విశేషజాతులు మాత్రము అమరవచ్చుననియు లెక్కలు చెప్పుచున్నవి. విచారణ ముగియలేదు.

ఈ పల్సారులను మొట్టమొదట కనిపెట్టినది యెవరో యెఱుగుదురా? జోసెలిన్ బెల్ అను కన్య. 1967లో ఆమె కేంబ్రిడ్జిలో చదువుచున్న విద్యార్థిని. యంత్రము గీచిన కాగితములను దినమునకు సుమారు ముప్పది మీటర్ల చొప్పున కంటితో పరిశీలించుట ఆమె పని. బియ్యములో మెరికలు ఏరునట్లు ఏరుచుండగా, దేనికిని పోలని చిన్న గీతల గుంపొకటి కనబడెను. దానిని కొట్టిపాఱవేయక, మఱల మఱల అదేచోట వెదకి, అది యాకాశమునుండియే వచ్చుచున్నదని స్థిరపఱచెను. 1974లో ఆ యావిష్కారమునకు నోబెలు బహుమానము ఆమె గురువునకు వచ్చెను, ఆమెకు రాలేదు. 2018లో ఆమెకు ముప్పది లక్షల డాలర్ల బహుమతి లభింపగా, తగిన యవకాశములు లేని విద్యార్థులు భౌతికశాస్త్రము చదువుకొనుటకై యా ధనమంతయు ఇచ్చివేసెను.

ఆకాశవిద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. 1840 ప్రాంతమున విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు సొంత ధనముతో వేధశాల కట్టించిరి. ఆయన యనంతరము అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని నడపి, 1874లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా పోవుటను పరిశీలించిరి. ఆ దినములలో ఆడుబిడ్డ దూరదర్శిని దరి చేరుట యరుదు. మీ యమ్మాయి చేరగోరుచున్నది అదే విశాఖపట్టణము.

కావున అమ్మా, మీవారికి మా మనవి యిది. తంతువులు దొరకవచ్చును, దొరకకపోవచ్చును. అవి లేవని తేలినను ఆ చదువు వ్యర్థము కాదు. వానిని వెదకుటకై చేసిన గణితమును, కట్టిన యంత్రములును ఇతరములైన నిజములను పట్టియిచ్చుచున్నవి. కిబుల్ గారి సుడుల లెక్క సరియే యని 1991లో ద్రవస్ఫటికములను చల్లార్చి ప్రయోగశాలలో చూచిరి. మన చేతి గడియారపు అంకెలు చూపునట్టి పదార్థమే యది. అన్నిటికన్న ముఖ్యముగా, ఏది చూచినది, ఏది యూహించినది, ఏది వినినది యని వేఱుచేసి చెప్పుట ఆ చదువు నేర్పును. మీ జాబును మఱల చదువుకొనుడు: తంతువులు "ఉన్నవి" యని మీ యమ్మాయి చెప్పలేదు, "ఉన్నవేమో" యన్నది. ఆ "ఏమో" తెలిసి పలికినది గనుకనే ఆమె యా చదువునకు తగినదని మాకు తోచినది.

పంతులమ్మ వృత్తి మాకు తక్కువ కాదు. ఎమ్మెస్సీ చదివి, తరువాత బి.ఇడి. చేసినను ఆమె నర్సీపట్నము బడిలో పాఠము చెప్పవచ్చును. అప్పుడు ఆ పిల్లల భాగ్యము మఱింత మంచిది. ఉద్యోగము తప్పక వచ్చునని గాని, పేరు వచ్చునని గాని మేము మాట యీయలేము. హాస్టలు ఖర్చును, తోడును మీరు విచారించుకొనవలసినవే. తండ్రిగారే యొకమాఱు అమ్మాయిని వెంటబెట్టుకొని పోయి, ఆ కళాశాలను, ఆ హాస్టలును కన్నులార చూచివచ్చుట మేలు. చూడనిదానిని నమ్మనన్నవారు చూచి నిర్ణయించుట యుక్తమే గదా!

బలిచక్రవర్తి కథలో వామనుడు మూడడుగులు అడిగి విశ్వమంతయు కొలిచెను. అది పురాణము, దానిని శాస్త్రమని మేము చెప్పము. మీ యమ్మాయి యడుగుచున్నది ఇప్పటి కొక్క యడుగు, బలిఘట్టమునుండి విశాఖపట్టణమునకు. గడువు నెలాఖరు గనుక ఈ సంచిక చేరిననాడే దరఖాస్తు నింపించుడు. రాత్రి భోజనముల వేళ అమ్మాయిని మరల ఆ దారముల సంగతి చెప్పుమనుడు. ఈమాఱు అత్తగారు భయము లేక విందురు.